నాయన పెట్రోలు పరీక్ష... అమ్మకు దక్కని గడప

మా చిన్నప్పుడు... మార్కాపురంలో మా ఇంటి గడపకు అడ్డంగా చేతులు చాపి నిలబడేది అమ్మ. నేను పెళ్లికూతురు, అక్క పెళ్లికొడుకు. "ఊఁ, ఒకరి పేరు ఒకరు చెప్పండి! చెప్తేనే లోపలికి" అని బెదిరించేది. మేం సిగ్గుపడుతున్నట్టు నటిస్తే పకపకా నవ్వేది...

మాకది ఆట. అమ్మకు మాత్రం సాధన! హనుమంతునిపాడులో మా మామకు, అంటే అమ్మకున్న ఒక్కగానొక్క తమ్ముడికి, పెళ్లి కుదిరింది. పెళ్లేమో పిల్ల వాళ్ల ఊళ్లో. ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు వదిలి రోజుల తరబడి పోవడం అమ్మకు కుదరదు. కానీ కొత్త కోడలు అత్తగారింటికి వచ్చినప్పుడు గడప దగ్గర అడ్డం నిలబడి పేర్లు చెప్పించాల్సింది ఆడబిడ్డే కదా. ఆ ఒక్క పూటకైనా పోవాలని అమ్మ ఆశ.

"బస్సులు, ఎద్దులబండ్లు ఏం ఖర్మ? కారు కొంటాండా. పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దాం" అన్నాడు నాయన.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త అది. అప్పుడు మాది కర్నూలు జిల్లా. నాయనకు పలకల వ్యాపారం బాగా సాగుతున్న రోజులు. ఊళ్లోకి రెండు పాత కార్లు అమ్మకానికి వచ్చాయి. ఒకటి నల్లది, ఒకటి మీగడరంగుది. రెండిట్లోనూ మా అందరికీ చోటుంది. ఏదో ఒకటి కొనేస్తే పీడా పోయేది!

కొంటేనా? "ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తాం. కారును కొనేటప్పుడు ఎంత పెట్రోలు తాగుతాదో చూడాల" అని కూర్చున్నాడు. దుకాణం ముందు రోజూ అదే పంచాయితీ... కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియని మహానుభావులు కూడా సలహాలే!

"నల్లది బరువు మామా, బాగా తాగుద్ది."

"కాదన్నా, రెండోదాని ఇంజను చిన్నది. ఎత్తు ఎక్కాలంటే ఏడుస్తాది."

నాయన అందరికీ తల ఊపేవాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి తనే ఒక పరీక్ష కనిపెట్టాడు. రెండు కార్లలోనూ ఒకే కొలత పెట్రోలు పోయాలి. హనుమంతునిపాడు దాకా పోయి, ట్యాంకులో పుల్ల ముంచి, ఎంత మిగిలిందో చూడాలి. నల్లకారులో తనూ డ్రైవరూ మాత్రమే పోయారు. చేరారు, కాస్త మిగిలింది కూడా. వెంట తీసుకుపోయిన పెట్రోలు పోసుకుని తిరిగొస్తూ, మీగడరంగు కారు తిరుగు ప్రయాణానికని ఇంకో డబ్బా మామ ఇంట్లోనే ఉంచి వచ్చాడు.

మీగడరంగు కారు వంతు వచ్చేసరికి కొత్త కోడలు వచ్చే రోజే వచ్చేసింది. "మంచిదే, ఎట్లాగూ పోవాల గదా. ఇదే పరీక్ష!" అన్నాడు నాయన.

"ఏమండీ, ఇంకో డబ్బా వెనక పెట్టుకుందాం" అంది అమ్మ.

"డబ్బా పెట్టుకుంటే ఇంక పరీక్ష ఏంది? నల్లది చేరింది. ఇదీ చేరాల."

పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది అమ్మ. ఊరు దాటామో లేదో... చెయ్యెత్తిన ప్రతి మనిషికీ కారు ఆగడమే! మా వైపు దారిలో పరాయివాళ్లంటూ ఎవరుంటారు? అందరూ మామలు, అత్తలు, అల్లుళ్లే.

"ఏంది మామా, కారే! ఎటు పోతాండావు?"

"ఎక్కు అల్లుడా, ఎక్కు!"

అమ్మ గొణిగితే, "మనిషిని దుమ్ములో వదిలేసి ఎట్ల పోతాం?" అనేవాడు. కొనకనమిట్ల దాటేసరికి వంకాయల గంపతో ఒక అవ్వ, మొగుడూ పెళ్లాం ఇద్దరు, నా కాళ్ల మీద ఒక మేకపిల్ల...

హనుమంతునిపాడు ఇంకా అంత దూరం ఉందనగా, కందిచేల మధ్య కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. నాయన దిగి ట్యాంకులో పుల్ల ముంచాడు. పొడిగా వచ్చింది. "చూసినావా? నల్లదే మేలు. ఇది తిండిపోతు!" అన్నాడు, ఏదో గెలిచినట్టు.

అప్పటిదాకా నలుగురిలో నాయనకు ఎదురు చెప్పి ఎరగదు అమ్మ. "నల్లదాంట్లో ఇంతమందిని ఎక్కించినారా? మేకను ఎక్కించినారా? నా తమ్ముడి గడపలో నేను నిలబడాల్సిన పొద్దు... ఇక్కడ మీరు పుల్ల పట్టుకోని నిలబడినారు!" అని భోరుమంది. కారెక్కినవాళ్లంతా తలలు దించుకున్నారు.

ఎవరిదో ఎద్దులబండి దొరికి, మేం చేరేసరికి దీపాలు పెట్టేశారు. మామ ఎదురొచ్చాడు. "ముహూర్తం దాటిపోతాదన్నారు అక్కా... చూసి చూసి పక్కింటామెను నిలబెట్టినాం."

"మంచిపని చేసినారు నాయనా" అంది అమ్మ. పళ్లెం ఎవరికీ కనపడకుండా కొంగు కప్పింది. అరుగు మీద పెట్రోలు డబ్బా నిండుగా ఉంది.

నాయన ఏ కారూ కొనలేదు. "ఈసారి సరిగ్గా పరీక్ష పెట్టాల" అంటుండగానే రెండిటినీ వేరేవాళ్లు కొనుక్కుపోయారు. అమ్మ మళ్లీ ఎప్పుడూ మాతో ఆ గడప ఆట ఆడలేదు.

ఇప్పుడు మా అబ్బాయి... తాత పోలిక ఎక్కడికి పోతుంది? నెలల తరబడి ఫోన్లో సెడాన్లు చూస్తున్నాడు. పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా? "ఈ వీడియోలో ఈయన మైలేజీ బాగా ఇస్తదంటున్నాడమ్మా, ఇంకో వీడియోలో ఆయన ఇవ్వదంటున్నాడు." ఒరే నాయనా, కొనరా!

మొన్న మామ ఫోన్ చేశాడు. మనవడి పెళ్లట. "వాడికి అక్కచెల్లెండ్లు లేరు పాపా. గడప కాడ మీ అమ్మ బదులు నువ్వు నిలబడాల" అన్నాడు. తప్పకుండా వస్తానన్నాను. "అప్పటికి కారు వచ్చేస్తుందిలే అమ్మా" అంటాడు మావాడు!

ఆ దారిలో ఇప్పుడు ఎన్ని కార్లో... చెయ్యెత్తితే ఒక్కటీ ఆగదు. ఎంత తిట్టుకున్నా, నాయన ఆపేవాడు.

మీ ఇళ్లలోనూ కారు ఎంచుకునేలోపు దాటిపోయిన ముహూర్తాలుంటే రాయండి... ముందురోజే బస్సెక్కుతున్నాను, దారిలో చదువుకుంటాను.