పాత లాగు తీసేయండి సార్!

వాకాడులో మా ఇంట్లోనే కూర్చుని మా అమ్మాయి సుజాత కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. కొత్తగా చేరిన రోజులవి. నేను వసారాలో రొయ్యలు వలుస్తుంటే, లోపల్నించి "ముందు మీ పాత లాగు తీసేయండి సార్!" అని సుజాత గొంతు వినబడింది. రొయ్యల చేతులతోనే లోపలికి దూకి, "ఎవుడ్రా వాడు, నా బిడ్డ ముందర లాగు విప్పేది?" అని కేకేశాను. కంప్యూటరు తెర నిండా ఆఫీసు మొహాలు!

సుజాత తల పట్టుకుంది. "అయ్యో అమ్మా! ప్రోగ్రాము తను చేసిన పనులన్నీ రాసిపెట్టే చిట్టాను లాగ్ అంటారు. పెద్దసారు ప్రోగ్రాములో అయ్యి రెండు రకాలు చేరి కొట్టుకుంటుండాయి. పాతది తీసేయమన్నాను."

దాని ఉద్యోగం ఊడిందనుకున్నాను. అంతలో పెద్దసారు, "పాతది తీసేశానమ్మా, ప్రోగ్రాము నడుస్తోంది. నేను మాత్రం లాగు వేసుకునే ఉన్నాను" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన పోయాక మా ఇంట్లో అంత నవ్వు మోగడం అదే మొదలు.