దంచిన సీతాఫలాల సారా

సీతాఫలంతో పెండ్లి సంబంధం ఎలా చెడగొట్టుకోవాలో తెలియనివాళ్లు ఈ లోకంలో చాలామంది ఉంటారు. నేను మాత్రం ఆ విద్య ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. శ్రద్ధగా వినండి, మీ ఇంట్లో పెండ్లీడు కొడుకుంటే పనికొస్తుంది.

అప్పట్లో నేను బొగ్గుబాయి దీపాల గదిలో పనిచేసేవాణ్ణి. గనిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం నా పని. కంపెనీ ఇచ్చిన క్వార్టరులో నేనూ, నన్ను కన్న అవ్వా ఉండేవాళ్లం. కొలువుంది, ఇల్లుంది, పిల్లనిచ్చేవాళ్లే లేరు. "బాయిపనోళ్లు జీతమంత సారదుకాన్ల వోసి వస్తరు" అని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. వచ్చిన సంబంధాలన్నీ ఆ మాట విని వచ్చిన దారినే పోయేవి. నిజానికి నేను చుక్క సారా నాలుక మీద వేసుకున్నవాణ్ణి కాను. కానీ ఆ మాట నేను చెబితే నమ్మేదెవరు? తాగుబోతులందరూ అదే చెబుతారాయె!

చివరికి కొండగట్టు దగ్గరి పల్లె నుంచి ఒక సంబంధం కుదిరేలా కనిపించింది. పిల్ల పేరు లచ్చవ్వ. ఆమెను చూసి వచ్చినప్పటి నుంచి ఒకరి దీపం ఇంకొకరికి ఇచ్చి తిట్లు తింటున్నాను. దసరా మరునాడు మా ఇల్లు చూడటానికి వస్తామని పిల్ల తల్లిదండ్రులు కబురు పంపారు.

"పిల్ల తండ్రి జర రుచి తెలిసినోడు. మర్యాద మంచిగ జెయ్యిరా" అన్నాడు మా మేనమామ.

మర్యాదంటే సారా. కానీ దుకాణం సారా ఎవడైనా పోస్తాడు, నా గొప్పేముంది? పక్క క్వార్టరు ఫ్రాన్సిస్ గుర్తొచ్చాడు. గోవా నుంచి వచ్చిన ఫిట్టరు, క్రిస్మస్ కోసమని ద్రాక్షపండ్లను రమ్ములో నానబెట్టేవాడు. తాగినవాళ్లు అతన్ని దేవుణ్ణి పొగిడినట్టు పొగిడేవాళ్లు.

"ద్రాక్ష యాడ దొర్కుతది ఫ్రాన్సిస్ భాయ్?"

"ఏ పండైనా నడుస్తది. జర దంచు, సారల వెయ్యి, మూత వెట్టి మర్చిపో."

ఆ రోజుల్లో అడవి నుంచి సీతాఫలాలు గంపలకు గంపలు దిగుతుండేవి. ఒక గంప కొన్నాను, ఇప్పసారా తెచ్చాను. అవ్వ మా అక్క ఇంటికి పోయిన పూట చూసి పండ్లు ఒలిచాను. గింజలు తీసే ఓపిక ఎవరికుంది? గుజ్జూ గింజలూ కలిపి రోట్లో వేసి మెత్తగా దంచి, జాడీలో సారా పోసి, మూత పెట్టి గుడ్డతో వాసెన కట్టాను. అవ్వ వచ్చి జాడీ చూసింది.

"గిదేందిరా?"

"మర్యాద, అవ్వా."

"తాగుబోతులని సంబంధాలు తప్పిపోతాంటే, నువ్వే ఇంట్ల సార వెడ్తవా? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!"

పెద్దల మాట చద్దిమూట అంటారు. నాకేమో అప్పుడు ఆకలి లేదు.

దసరా మరునాడు వాళ్లు జమ్మి ఆకుతో వచ్చారు. ఇల్లు నచ్చింది, అవ్వ వండిన కూర నచ్చింది. నేను జాడీ విప్పి, బట్టలో వడగట్టి, గ్లాసు నింపి కాబోయే మామ చేతికిచ్చాను. ఆయన పోచమ్మ పేరు మీద నేల మీద కొన్ని చుక్కలు వదిలి, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది. లేచి వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మేశాడు.

అందని ద్రాక్ష పుల్లన అంటారు. అందిన సీతాఫలం చేదని లోకానికి చాటినవాణ్ణి నేనే.

అత్త గ్లాసు తీసుకుని వాసన చూసింది. "పిలగా, గింజలు గిట్ల దంచినవా?"

"మెత్తగ దంచిన అత్తా!" అన్నాను గర్వంగా.

"అయ్యో బిడ్డా, అవి పేన్లకు రుద్దుతరు గదా!"

మా దిక్కు ఆడవాళ్లు ఆ గింజలు నూరి తలకు పట్టించి పేన్లను చంపుతారు. ఊరందరికీ తెలిసిన సంగతే, నాకు తప్ప.

"నా గొంతుల పేన్లు వడ్డయని నీకెవ్వలు జెప్పిండ్రు?" అని వాకిట్లోంచి మామ అరిచాడు. అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. లచ్చవ్వ నాకిక దక్కదనుకున్నాను. ఏడుపొచ్చింది.

"ముందుగాల రుచి జూడలేదా?" అంది అత్త.

"నేను తాగ అత్తా. సార రుచి ఎట్లుంటదో నాకెరుకనే లేదు. ఏమని జూడాలె?"

అత్త నన్ను ఎగాదిగా చూసి మొగుడి వైపు తిరిగింది. "ఇన్నవా? తాగెటోడైతే దినాం మూత దీసి జూడకుంటె ఉంటడా? గింత సార గిట్ల ఖరాబు జేసినోడు జన్మల తాగినోడు గాడు. నా బిడ్డను గీ ఇంటికే ఇత్త!"

"నన్నడుగవా?" అన్నాడు మామ నల్లా దగ్గరి నుంచి.

"నువ్వు నోరు కడుక్కో."

నా నోటి మాటను ఎవరూ నమ్మని చోట, నా చేతగానితనం నా తరఫున సాక్ష్యం చెప్పింది. ఆ గింజలకూ, వాటి వాసన పట్టిన అత్త ముక్కుకూ నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. ఆమె పోతూ పోతూ జాడీని కూడా తీసుకుపోయి, వాళ్ల ఊళ్లో వాడకట్టు పిల్లలందరికీ "కండ్లు మూసుకోండ్రి" అంటూ తలలకు పట్టించిందట. మా పెండ్లిలో ఒక్కరు కూడా తల గోక్కోలేదు.

కనుక కొండగట్టు అంజన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ చేతులతో చింతపండు తప్ప ఇంకే పండునూ నానబెట్టను. అది కూడా లచ్చవ్వ గింజలు తీసి ఇస్తేనే.