కుట్టుమిషను మీద మంచం: కోదాడ నుంచి మిర్యాలగూడకు

ఇది రాయకుండానే ఊరుకునేవాణ్ణి. ఎడ్లబండి కబుర్లు ఇప్పుడెవరికి కావాలి? కానీ మొన్న మా వీధిలో ఒకాయన పెద్ద వ్యాను కొన్నాడు. అందులోనే పడుకుంటూ, పని చేసుకుంటూ దేశం తిరుగుతాడట. మంచం వేస్తే బల్లకు చోటు లేదు, బల్ల పెడితే మంచానికి చోటు లేదని తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ చిక్కును నేనూ మా ఆవిడ సత్తెమ్మా పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడే విప్పేశాం.

అప్పుడు నేను సూర్యాపేటలో దర్జీని. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షావుకారు ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టాలని కబురంపాడు. ఆ రోజుల్లో పెద్దిళ్లకు దర్జీయే మిషను తీసుకుని వెళ్లి, పని అయ్యేదాకా వాకిట్లో కూర్చుని కుట్టేవాడు. చుట్టుదారైనా కోదాడ, నేరేడుచర్లల మీదుగా, దొరికిన పని కూడా చేసుకుంటూ పోదామని గూడుబండి సిద్ధం చేశాను. కాజాలు, చేతికుట్టు సత్తెమ్మవి. ఆమె లేకుంటే నేను సగం దర్జీని. అయితే ఆమెకు ఐదో నెల. బండిలో నడుం వాల్చే చోటు సరిగ్గా లేకపోతే కూతుర్ని కోదాడలో తన ఇంట్లోనే దింపుకుంటానని మా మామ ముందే చెప్పి పంపాడు.

బండి లోపల చోటు మొత్తం ఒక మంచమంత. మిషను పెడితే అదీ నిండింది. మిషనును గూటికి వేలాడదీద్దామన్నది నా తెలివి. వేలాడదీశాను. వెదుళ్లు వంగి గూడు గంపలా కుంగింది. వేలాడాల్సింది మిషను కాదు, మంచం అంది సత్తెమ్మ. కోళ్లు తీసేసిన నవారు మంచాన్ని ఒక పక్క మడతబందులతో బండి అంచుకు బిగించాం. పగలు ఎత్తి గూటికి కడితే కింద మిషను, నేను, బట్టలు. పడుకునేటప్పుడు మిషను తలకాయ విప్పి పెట్టెలో పెట్టి, మంచాన్ని మిషను బల్ల మీదికి దించడమే. దాని మీద ఒక పలక వేస్తే గుడ్డ కత్తిరించే బల్ల కూడా అదే. నవారుకూ నులకకూ తేడా ఏమిటంటే... వద్దులెండి, అది మొదలుపెడితే మనం కోదాడ చేరం. మంచం ఎత్తినప్పుడల్లా దిండు జారిపోతోందని, ఎడ్ల వాసన తగలకుండా వెనకవైపున దాన్ని నవారుకే కుట్టేశాను. రెండు వరసల కుట్టు. చూసుకుని మురిసిపోయాను.

కోదాడకు రెండు రోజులు పట్టింది. మామ మంచాన్ని కళ్లతో కొలిచి, నేరేడుచర్ల దాకా వచ్చి చూశాకే తన మాట చెబుతానని బండెక్కాడు. కోడి కూసే వేళ బయల్దేరి, ఎండ ముదిరేసరికి హుజూర్‌నగర్‌లో ఆగాం. ఎడ్లకు గడ్డీ నీళ్లూ కలిపి రెండణాలు. సందులో ముందూ వెనకా వడ్ల బండ్లు, మధ్యలో మా బండి దక్షిణం వైపు మొహం పెట్టి ఇరుక్కుంది. అన్నం తిని సత్తెమ్మ మంచం దించుకుని పడుకుంది. మామ ఒకసారి పొద్దును చూశాడు, ఒకసారి దిండును చూశాడు.

"లెగమ్మా," అన్నాడు. "కడుపుతో ఉన్న పిల్లని ఉత్తరానికి తలపెట్టి పండబెట్టావా అల్లుడా? ఇదేనా నీ పనితనం?"

దిండు అటు తిప్పుకుంటుంది మామా అనబోయి ఆగాను. కుట్టింది నేనే కదా. బండి తిప్పడానికి సందులో చోటు లేదు. మామ అప్పటికే కూతురి బట్టలమూట చంకన పెట్టుకున్నాడు.

"జర ఆగు నాయినా," అంది సత్తెమ్మ. "బాట ఎటు తిరిగితే బండి అటు తిరుగుతది. దిక్కులు బాటకేం ఎరుక?"

నా కత్తెరతోనే నా రెండు వరసలూ విప్పేసింది. గుడ్డపీలికలతో నాడాలు చేసి దిండు మూలలకు కుట్టింది. ఇక దాన్ని మంచానికి ఏ కొసనైనా కట్టొచ్చు. దక్షిణపు కొసకు కట్టి మళ్లీ పడుకుంది.

"ఇగ సూడు. నీ అల్లునికి కుట్టుడే తెల్సు, విప్పుడు తెల్వదు."

మామ మూట దించి మళ్లీ బండిలో పెట్టాడు.

తర్వాత మిర్యాలగూడలో షావుకారు ఇంటి ఆడవాళ్లంతా వచ్చి ఆ మంచాన్ని ఎత్తించి, దింపించి చూశారు. అంత పొందికైన మంచం ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. అది మా ఆవిడ బుర్రలో పుట్టిందని చెప్పేటప్పుడు ఈ వయసులోనూ నా మెడ నిటారుగా లేస్తుంది. చిన్న చోట బతకడమంటే సర్దుకుపోవడం అనుకునేవాణ్ణి. కాదు, ఉన్నదాన్ని మళ్లీ మళ్లీ విప్పి కట్టుకోవడం. వ్యానులో మంచం వేసుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: ఏది బిగించినా బిగించండి, దిండుకు మాత్రం నాడాలు పెట్టుకోండి. మీకు దిక్కుల పట్టింపు లేకపోవచ్చు, మీతో వచ్చే పెద్దవాళ్లకు ఉంటుంది.

మామ నేరేడుచర్లలో దిగాడు. కోదాడ వైపు పోయే వడ్ల బండి ఒకటి కనబడితే, ఒక్కడే ఎక్కి వెళ్లిపోయాడు.