గద్దలా కూసే పిల్ల బొమ్మ

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధికి చేపలు అమ్మవచ్చే ఆవిడ. కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే ఆటోలో నరసన్నపేట వచ్చి, ఎండ ముదరకముందే తట్ట ఖాళీ చేసుకుని వెళ్లిపోతుంది. ఆ రోజు శనివారం. శనివారం మా ఇంట్లో చేప వండరని తెలిసి కూడా గుమ్మం ముందు తట్ట దించింది.

"అమ్మా, నువ్వు రాసిన బొమ్మల బుక్కు ఉన్నాది కదా, అందులో మా ఊరి గుంట మొకానికి ఎవులో మసి పూసేసినారు. ఒక్క బుక్కుకి కాదు, అంగన్‌వాడీ సెంటర్లో ఉన్నవాటన్నిటికీని," అంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

తులసికి నీళ్లు పోస్తున్నదాన్ని పోస్తున్నట్టే నిలబడిపోయాను. మనిషి ముఖానికి మసి పూయడమంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎవరు పూశారని అడిగాను. తనకు తెలియదంది. ఇంకెవరినీ అడగాలని నాకు తోచలేదు.

ఆ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. దానికి తోడు బడికి వెళ్లే దారిలో గెడ్డ, వాన పడి వాగు పొంగితే దాటలేం. మా అమ్మే బియ్యం ఏరుకుంటూ పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పింది. గోడ మీద దేవుడి పటాల కింద రాసిన పేర్లే నా మొదటి పాఠం. బొమ్మ చూసి పేరు చదవడం అలా అలవాటైంది. ఆ చదువుకు ఈ రోజుకీ అమ్మకు దణ్ణం పెట్టుకుంటాను.

పిల్లల కోసమే వేసిన బొమ్మల పుస్తకాలు ఉంటాయని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా కోడలు చేపలావిడ ఉండే ఆ సముద్రం ఒడ్డు పల్లెలో అంగన్‌వాడీ టీచరు. ఆమె తెచ్చిన పుస్తకాలు చూసి మురిసిపోయాను. నీలాంటివాళ్లు ఇంకొకరు లేరు, నీకు వచ్చిన విద్య చిన్నదని అనుకోకు అని చెప్పేవి చాలా ఉండేవి. కానీ అన్నిట్లోనూ జిరాఫీలు, పెంగ్విన్లు. మన పిల్లలు ఏరీ అనిపించేది. శనివారం మధ్యాహ్నాలు కోడలితో వెళ్లి ఆ పిల్లలకు కథలు చదివేదాన్ని. అంగన్‌వాడీ వయసు దాటినవాళ్లు కూడా చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ చంకనేసుకుని వచ్చి కూర్చునేవారు. వాళ్లలో ఒక పిల్ల ఉంది. తల్లీ తండ్రీ బోట్ల పనికి గుజరాత్ వెళితే మామ్మ దగ్గర పెరుగుతోంది. ఇసకలో నెత్తళ్ల చేపలు ఎండబెట్టినప్పుడు కాకులు తోలడం ఆ పిల్ల పని. కర్రా రాయీ పట్టుకునేది కాదు. రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిలా పెట్టి గద్ద కూత కూసేది. కాకులు గుంపుగా లేచి సరుగుడు తోటలోకి పోయేవి. మొదటిసారి విన్నప్పుడు నేను కూడా తలెత్తి గద్ద కోసం వెతికాను.

ఆ పిల్లను పెట్టి పుస్తకం రాశాను. శ్రీకాకుళంలో బొమ్మలు వేసే ఒక అమ్మాయికి ఈ పిల్ల ఫొటో నా ఫోనులో చూపించాను. ముక్కు, నవ్వు, నుదుటి మీద పడే జుట్టు, అన్నీ అచ్చం దించింది. బొమ్మ కింద నా మాటలు: "నేను గద్దలా కూస్తాను. కాకులు పారిపోతాయి. ఇది నాకు దేవుడిచ్చిన విద్య." ఫొటో తీసేటప్పుడు పిల్లను అడిగాను, నవ్వింది. మామ్మను అడగలేదు. పుస్తకం అచ్చయ్యాక రామతీర్థం వెళ్లి స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చుకున్నాను. నాతో ఇంత పని చేయించావు తండ్రీ అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆ కన్నీళ్లలో భక్తి ఎంత, గర్వం ఎంత అని ఇప్పుడు నన్ను నేను అడుగుతుంటాను.

సరే, చేపలావిడ చెప్పిన రోజు మధ్యాహ్నం మామూలుకన్నా ముందే వెళ్లాను. పుస్తకాలు తీసి చూశాను. నిజమే. ప్రతి పుస్తకంలోనూ ఆ పిల్ల బుగ్గ మీద నల్లగా అలికేసి ఉంది. కొన్నిట్లో ముక్కుదాకా, ఒకదాంట్లో కంటిదాకా పాకింది. ఆ పిల్లను తోటివాళ్లు కాకి అని ఏడిపిస్తారని కోడలు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇంక నేను ఆగలేదు. కొంగు తడిపి ఒక్కో పుట తుడిచాను. మసితో పాటు రంగు కూడా లేచిపోయి, పిల్ల బుగ్గ ఉన్నచోట తెల్లకాగితం బయటపడింది. దాంతో నా కోపం ఇంకా పెరిగింది. తల్లులు, మామ్మలు గుమ్మం దాకా నిండి ఉన్నారు. అందరి ముందూ అన్నాను.

"దేవుడు ఒక పిల్లకి విద్య ఇస్తే చూసి ఓర్వలేనివాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. వాళ్ల చేతులకి సిగ్గుండాలి."

ఆ పిల్ల నన్ను చూడలేదు, గుమ్మంలో నిలబడ్డ మామ్మను చూసింది. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయింది. పాపం, మనవరాలికి జరిగిన అవమానానికి ఏడుస్తోందనుకున్నాను. న్యాయంగా మాట్లాడానన్న తృప్తితో ఇంటికొచ్చి దీపం పెట్టుకున్నాను. దేవుడి ఎదుట అంత నిశ్చింతగా కూర్చున్న ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పుడు తల ఎత్తలేను.

తరవాతి వారం మా కోడలు పనిలోంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చుంది.

"అత్తా, అది మసి కాదు. కాటుక. మామ్మే పెట్టింది," అంది.

పుస్తకం వచ్చినప్పటినుంచీ బీచికి వచ్చినవాళ్లు ఆ పిల్లను గుర్తుపట్టడం మొదలుపెట్టారట. పుస్తకంలో ఉన్నది నువ్వేనా, ఏదీ ఒకసారి కూయి అని ఫోన్లు పట్టుకుని నిలబడేవారట. ఒకరి కోసం కూస్తే ఇంకొకరు, మళ్లీ కూయి, ఇటు తిరిగి కూయి. పిల్ల గొంతు బొంగురుపోయి, చివరికి గాలి తప్ప కూత రాకుండా అయింది. మామ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అయినా తగ్గలేదు. పిల్లకు దిష్టి తీయగలను కానీ, అందరి చేతుల్లోనూ తిరిగే ఆ బొమ్మ ముఖానికి ఎవరు తీస్తారు అనుకుంది. కోడలు మీటింగుకి వెళ్లిన రోజు ఆయాను అడిగి లోపలికి వెళ్లి, తన ఇంటి కాటుకతో ప్రతి పుస్తకంలోనూ పిల్ల బుగ్గ మీద చిన్న చుక్క పెట్టింది. పుట తిప్పే పిల్లల వేళ్లు తగిలి ఆ చుక్కలే అలా అలుక్కుపోయాయి.

"ఇప్పుడు గొంతు బాగైంది. కానీ కూయనంటోంది. కూస్తే మళ్లీ మామ్మను అందరిలో తిడతారంటోంది," అంది కోడలు.

ఆ రాత్రి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను మొదటిసారి పుట మొత్తం తడబడకుండా చదివినప్పుడు అమ్మ బాగుందని అనలేదు. ఇంత కాటుక తెచ్చి నా అరికాలికి రాసి, మళ్లీ బియ్యం ఏరుకోడానికి వెళ్లిపోయింది. అమ్మకు నా చదువు నచ్చలేదేమోనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు నా మనవలకు ప్రతి ఆదివారం దిష్టి తీసేది నేనే. ఎదుటివాళ్ల పిల్ల బుగ్గ మీద కాటుక కనబడితే మాత్రం నాకు అసూయ కనబడింది.

మర్నాడే వెళ్లాను. మామ్మ ఎండలో కూర్చుని, చివర ప్లాస్టిక్ కవరు కట్టిన పొడుగు కర్ర ఊపుతూ కాకులు తోలుతోంది. కర్ర ఇటు ఊపితే కాకులు అటు దిగుతున్నాయి. పిల్ల పడవ నీడలో నాకు వీపు పెట్టి కూర్చుంది. మామ్మ నన్ను చూసి లేచి, తాను కూర్చున్న చెక్క నాకు వేసింది. దాని మీద కూర్చోవడం నావల్ల కాలేదు.

"అప్పా, అక్కలాంటిదానివి, అడక్కుండా నలుగురిలో మాటన్నాను. తప్పు చేశాను," అన్నాను.

"పోనీలే అమ్మా. నువ్వూ దానికోసవే కదా తగువాడినావు," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు కాకులను తోలి, మళ్లీ తనే అంది. "దేముడిచ్చినాడని రాసినావు, ఒప్పుకుంటన్నాను. ఊరందరికీ సూపించమని ఇచ్చినాడేటి? సేపలు కాసుకోమని ఇచ్చినాడు. నువ్వు మొక్కిన సోమి సూడు, ఆయన కూడా మజ్జానం తలుపులేసుకుంటాడు. ఈ గుంటకి తలుపేదమ్మా?"

పిల్లలకు తమ విద్యను ప్రేమించడం నేర్పాలనుకున్నాను. ఈవిడ ఆ పిల్ల విద్యను నాకన్నా ముందునుంచీ ప్రేమిస్తోంది, నోరు మెదపకుండా. ఆ బొమ్మ ఇంకెవరికీ చూపించవద్దని మామ్మ అడిగింది. పుస్తకాలన్నీ వెనక్కి తెస్తానని మాట ఇచ్చాను. పడవ నీడలోని పిల్ల ఆ మాట వింది కానీ, ఇటు తిరగలేదు.

సెంటర్లోవి ఆ రోజే తెచ్చేశాను. ఊళ్లోవాళ్లకు ఇచ్చినవి ఇంటింటికీ తిరిగి అడిగి తీసుకున్నాను. చేపలావిడ కూడా తనకు తెలిసిన ఇళ్లలోవి తట్టలో పెట్టుకుని తెచ్చింది. "నేను ఒక ముక్క సెప్తే నువ్వు యుద్ధానికి ఎల్లిపోనావు. ఇంక నీకు సేపల రేటు తప్ప ఏటీ సెప్పను," అని దెప్పింది. దెప్పించుకున్నాను.

వానలు పడే ముందు ఒక శనివారం కథలు చెప్పడానికి వెళుతున్నాను. ఆటో దిగి రెండడుగులు వేశానో లేదో, ఒడ్డు వైపు నుంచి గద్ద కూత వినిపించింది. సరుగుడు చెట్ల మీదుగా కాకులు గుంపుగా లేచాయి. ఆకాశంలో గద్ద లేదు. నా కాళ్లు అటు తిరిగాయి. వెళ్లి చూస్తే పిల్ల నన్ను చూసి ఆపేస్తుందేమోనని భయం వేసింది. వెనక్కి తిరిగి సెంటరు లోపలికి వెళ్లిపోయి, మనసులోనే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ పిల్ల ఇంతవరకూ మళ్లీ నా కథలకు రాలేదు. నేనూ రమ్మని కబురు పెట్టలేదు.

ఇదంతా రాయడానికి ఈసారి ముందు మామ్మను అడిగాను. పిల్ల పేరు రాయొద్దంది, పల్లె పేరు రాయొద్దంది. మిగతాది నీ ఇష్టం అంది.

దూరపు ఊళ్లకు వెళ్లిన పుస్తకాలు కొన్ని నాకు అందలేదు. ఎవరి ఇంట్లోనైనా అది ఉంటే, గద్దలా కూసే పిల్ల బొమ్మ దగ్గర మీ పిల్లలు ఆగితే, ఆ పిల్ల ఎక్కడుంటుందని వెతక్కండి. కర్ర పట్టుకుని ఎండలో కూర్చుని, ఆ పిల్ల మళ్లీ కూసేదాకా తనే కాకులు తోలిన ఆవిడ ఒకరున్నారు. ఆ మామ్మను ఒక్కసారి తలుచుకోండి, చాలు.