వడియాల మీది చీర

వరహాలు పెళ్లికి ముందు నుంచీ పోర్టులో బొగ్గు లారీ తోలుతున్నాడు. లోడు మీద టార్పాలిన్ పట్టా కట్టాలంటే మహా బద్ధకం. "ఈ కాస్త దూరానికి పట్టా ఏటి బావా?" అనేవాడు తోటి డ్రైవర్లతో.

అతని ఇల్లు ఆ లారీలు తిరిగే రోడ్డు పక్కనే. భార్య జోగమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి, దుమ్ము పడకుండా పాత చీర కప్పేది. అయినా నల్లబడేవి.

ఓ రోజు అన్నంలో వడియం కొరికి, "ఇసక తగుల్తందేటే?" అన్నాడు వరహాలు. జోగమ్మ డాబా మీంచి ఆ చీర తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"ఇసక కాదు, నీ బొగ్గే. ముసుగు నా ఒడియాలకెందుకు? అట్టుకెళ్లి నీ బొగ్గుకి కప్పు!"

మర్నాటి నుంచి పట్టా కట్టందే అతను బండి కదిలించలేదు. వెనక లారీవాళ్లు హారన్ కొడితే, "ముందు మీరూ కట్టండెహె!" అని కసిరేవాడు. తర్వాత్తర్వాత పోర్టువాళ్లు కూడా దుమ్ము లేవకుండా బొగ్గు గుట్టల్ని నీళ్లతో తడపసాగారు, పట్టా లేని బండిని గేటు దాటనివ్వడం మానేశారు.

ఈ వేసవిలో వడియాలు ముసుగు లేకుండా తెల్లగా ఎండుతున్నాయి. అందుకని కాకులు దిగాయి. సెలవు పూట వరహాలు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు.

"కాకులేటైనా ముట్టాయా?" కింద నుంచి అరిచింది జోగమ్మ.

"ఒక్క కాకీ ముట్టలేదే!" అన్నాడు వరహాలు, సగం ఎండిన వడియం ఇంకోటి నోట్లో వేసుకుంటూ.