ఐస్ ఫ్యాక్టరీ బోర్డు

తమ్ముడి బోటుతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు మా ఇంట్లోనే ఉంటుంది. యానాం దిగువన, గోదావరి గట్టును ఆనుకున్న మా డాబా మీద వాడే ఏరియల్ కట్టించాడు. వాడు చేపల వేటకెళ్ళినప్పుడల్లా బడికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి సెట్టు ముందు కూర్చుంటాను. "అక్కా, బానే ఉన్నాం" అంటే చాలు నాకు.

పోయినేడాది పక్కనున్న ఐస్ ఫ్యాక్టరీ గేటు మీద పెద్ద ఎల్‌ఈడీ బోర్డు పెట్టారు. అది పగలంతా కూడా వెలుగుతూనే ఉండేది. అది పెట్టిన రోజు నుంచి సెట్టులో ఒకటే గరగర. యజమాని దగ్గరికి వెళ్ళి మర్యాదగానే చెప్పాను.

"మీ సెట్టు పాతదైపోయుంటుందండి టీచరుగారూ. లైట్లకీ దానికీ సంబంధం ఏంటండీ?" అని నవ్వాడు. రెండోసారి వెళితే కూర్చోమని కూడా అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, తమ్ముడు సముద్రం మీద ఉండగా గాలి లేచింది. సెట్టు పెట్టాను. ఆ గరగరలో "అక్కా" అన్న మాట ఒక్కటే తెలిసింది. ఫ్యాక్టరీకి పరుగెత్తాను. "అయ్యగారు లేరండి, నేను ఆపకూడదు" అన్నాడు వాచ్‌మన్.

చీకటి పడకముందే ఇంకో బోటు తమ్ముడి బోటుకి తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను ఆగిపోయిందట. తమ్ముడి గొంతు బొంగురుపోయింది.

"రెండు గంటలు పిలిచానక్కా. ఇంట్లో లేవేమో అనుకున్నాను."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, ఇంట్లో ఉన్న పాత ట్రాన్సిస్టర్‌లో వార్తలు పెట్టుకుని బయలుదేరాను. ఫ్యాక్టరీ గేటు దగ్గరయ్యేకొద్దీ అందులోనూ అదే గరగర పెరిగిపోయి వార్తలు మునిగిపోయాయి. ఐసు కోసం వచ్చిన చేపలమ్మే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. యజమాని బయటికొచ్చాడు.

"పొద్దున్నే ఈ గొడవేంటండీ?"

"బోర్డు మీరు ఆపుతారా, నన్నొచ్చి ఆపమంటారా?"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆపించాడు. వార్తలు చదివే ఆవిడ గొంతు శుభ్రంగా వినబడింది.

"మళ్ళీ వెయ్యవయ్యా, చూద్దాం" అంది ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ. వేయించాడు. గరగర.

"మా పిల్లలూ సముద్రం మీదే ఉన్నారయ్యా" అంది ఆవిడ. అతను తల దించుకున్నాడు.

వారం లోపల మెకానిక్ వచ్చి బోర్డులోని నాసిరకం పవర్ సప్లై మార్చి వెళ్ళాడు. సెట్టు బాగుపడింది. యజమాని ఇప్పుడు ఎక్కడ ఎదురుపడినా నమస్కారం పెడతాడు. తప్పయిందని మాత్రం ఇంతవరకూ అనలేదు. నేను తిరిగి నమస్కారం పెట్టను.