ఇద్దరి పాట, ఒక్క గొంతు

ఎమిల్ హాస్లింగర్ మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని స్వరాలు తిరగరాస్తున్నాడు. వేళ్లకు సిరా. టొలీడోలోని ఆ థియేటర్ వాద్యబృందానికి అతనే పెద్ద.

పాట డెల్లా క్రీడన్‌ది. ఇన్నేళ్లూ భర్తతో కలిసి పాడింది. చలికాలంలో అతను న్యుమోనియాతో పోయాడు. ఒంటరిగా పాడి మెప్పిస్తేనే మిగతా ఊళ్లలో ఆటలు ఇస్తామని థియేటర్లు నడిపే న్యూయార్క్ కంపెనీ చెప్పింది. ఈ మధ్యాహ్నం ఆట చూసి ఇక్కడి మేనేజరు వాళ్లకు తంతి కొడతాడు.

ప్రతి సోమవారం పొద్దున ఎవరి పాట కాగితాలు ముందు స్టేజీ అంచున పెడితే వాళ్లదే మొదటి రిహార్సల్. ఇవాళ డెల్లా అందరికంటే ముందే వచ్చి కూడా కాగితాలు పెట్టలేదు. అది ఎప్పుడూ భర్త చేసే పని. అలా వంతు చివరికి పోయింది. పాటలోనూ అంతే. భర్త చరణాలు వచ్చిన చోటల్లా ఆగి పక్కకు చూసింది.

"మాస్టారూ, ఆ ఖాళీలో నేనో కునుకు తీసొస్తా," అన్నాడు డ్రమ్ములవాడు.

ఎమిల్ ఆ చరణాలను కార్నెట్ బాకాకు రాసిచ్చాడు. అది మోగగానే డెల్లా ముఖం వెలిగింది. వింటూ అలాగే ఉండిపోయి తన వంతు తప్పింది.

"అది వినిపిస్తే నేను అటే చూస్తాను మాస్టారూ. తీసెయ్యండి."

"పాట పొట్టిదైపోతుందమ్మా."

"కానివ్వండి. పొట్టి పాటకు ఎవరూ ఊళ్లు పీకెయ్యరు."

వాద్యగాళ్లు భోజనానికి బీరు కొట్టుకు వెళ్లారు. ఎమిల్ కత్తితో చరణాలు కోసి, అంచులు జిగురుతో అతికించి, రెండు ముక్కల మధ్య స్వరం కలిపాడు. కంపెనీ థియేటర్ కొనకముందు ఒకే నాటక బృందం చలికాలమంతా ఉండేది, అతనింట్లో సూప్ తాగేది. ఇప్పుడు సోమవారం వచ్చినవాళ్లు ఆదివారం వెళ్లిపోతారు. పేర్లు కూడా గుర్తుండవు. ఈమెను సూప్‌కు పిలవాలనుకున్నాడు, పిలవలేదు.

మధ్యాహ్నం డెల్లా ఎదుటి జనాన్నే చూస్తూ పాడింది. సాయంత్రానికి ఊళ్లు ఖాయమయ్యాయి.

వారమంతా ఎమిల్ తీరికవేళల్లో అతుకులు లేకుండా శుభ్రమైన ప్రతులు రాశాడు. ఆదివారం వెనక గుమ్మం దగ్గర కట్ట ఆమె చేతికిచ్చాడు.

"తర్వాతి ఊరు డేటన్‌లో క్లారినెట్ వాయించేవాడు తొందరపడతాడు. ముందే చెప్పుకోండి," అన్నాడు.

ఆమె కట్టను కోటు లోపల పెట్టుకుని గుండీలు వేసుకుంది.